దాటేసిన ఇల్లు

గ్యాసు ఆపానా లేదా, ఆపే ఉంటాను, ఆపకపోతే పప్పు మాడిన వాసన ఈపాటికి వీధంతా తెలిసేది, చెయ్యి చేసే పనులన్నీ మనసుకు చెప్పి చెయ్యదు కదా, తలుపుకు తాళం వేసిందీ అంతే, కొంగు తలమీద కప్పుకున్నదీ అంతే, ఇప్పుడు చూసుకుంటే ప్రార్థన నూనె సీసా కూడా చేతిలోనే ఉంది, ఎప్పుడు తీశానో గుర్తు లేదు, మూత బిగించానో లేదో చూసుకోవాలి, పోయినసారి కారి చీరంతా పాడయింది, ప్రార్థించిన నూనె కాబట్టి మరక పోవడం లేదని పక్కింటామె అంది, ఎంత ప్రార్థించినా నూనె నూనే, మరక మరకే అని నేనన్నాను, ఎండ మాత్రం దిగేట్టు లేదు, సాయంత్రం ప్రార్థన కూటమని పేరే గానీ బేతంచెర్లలో ఏప్రిల్ సాయంత్రమంటే మధ్యాహ్నానికి ఇంకో పేరు, పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు కోస్తున్న రొద గాలితో పాటు వచ్చి పోతోంది, అంటే కరెంటు ఉంది, కరెంటు ఉంటే వాళ్ళింట్లో ఫ్యాను తిరుగుతుంది, అదొక్కటి నయం, వాళ్ళిల్లంటే గిడ్డయ్య ఇల్లు, ఎక్కడో కాదు, మా ఎదురిల్లే, మధ్యలో సిమెంటు రోడ్డు, నాలుగడుగులు వేస్తే వాళ్ళ గడప, కానీ పద్ధతి పద్ధతే, మా స్త్రీల సమాజం బుధవారం కూటం ఎవరింట్లో ఉన్నా ఆడవాళ్ళందరం ముందు మందిరం దగ్గర చేరాలి, అక్కడ ఒక పాట పాడుకుని, అప్పుడు కలిసి నడుచుకుంటూ ఆ ఇంటికి పోవాలి, అందువల్ల నేను ఎదురింటికి పోవడానికి వీధి మొదలుదాకా ఎండలో నడిచి, మళ్ళీ అదే ఎండలో మా ఇంటి ముందుకే తిరిగి రావాలి, తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వే పరిస్థితి కాకపోయినా వస్తుంది, ఆరేళ్ళుగా ఆ గడప తొక్కని దాన్ని, ఇంకాస్త చుట్టు తిరిగి పోతే మాత్రం ఏమైంది.

ఇదంతా వంతు వల్ల వచ్చింది, వంతు అంటే ఈ వారం నూనె సీసా ఎవరి చేతిలో ఉంటే ఆమే జబ్బుమనిషి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాలి, మిగతావాళ్ళు ఆమేన్ అనాలి, వచ్చే వారం సీసా పక్కింటికి పోతుంది, ఇళ్ళ వరస తప్పదు, మార్చుకోవడాలు లేవు, ఇది మా అత్త మద్దమ్మ పెట్టిన కట్టడి, ఒకామెకు నోరు బాగుందని ఎప్పుడూ ఆమెతోనే ప్రార్థన చేయిస్తే మిగతా ఆడోళ్ళ నోళ్ళు తుప్పు పడతాయని ఆమె వాదన, చదువు లేని మనిషే గానీ సంఘంలో ఆమె మాటకు పాస్టరు అయ్యగారు కూడా ఎదురు చెప్పేవారు కాదు, మొన్న ఆదివారం కూడికలో మనవులు చెప్పుకునే వేళ గిడ్డయ్య భార్య నాగలత వెనక చెప్పుల దగ్గర నుంచి లేచి నిలబడింది, ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది, ఆఖరి పాట అవుతుండగానే వెళ్ళిపోవడానికి వీలుగా ఉంటుందని కాబోలు, మా ఆయనకు పక్షవాతం కొట్టింది, కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం, కుడిపక్క పూర్తిగా పడిపోయింది, ఈ బుధవారం కూటం మా ఇంట్లో పెట్టమని అడిగింది, అడిగి కూర్చోకుండా అట్లాగే నిలబడింది, పాస్టరమ్మ ప్రేమజ్యోతి సరేనమ్మా అని, ఈ వారం వంతు ఎవరిది అని అడగబోయి మధ్యలోనే ఆగిపోయింది, కడప నుంచి వచ్చి రెండేళ్ళయిన పిల్ల, చదువుకున్న పిల్ల, ఆమెకు కూడా తెలుసు, మందిరంలో అందరికీ తెలుసు, అందరూ తలలు తిప్పకుండా కళ్ళు మాత్రం నా వైపు తిప్పారు, ప్రేమజ్యోతి నా దగ్గరకు వచ్చి మెల్లగా, ఈసారికి నేను చేస్తాలేక్కా అంది, ఎందుకమ్మా, నా వంతు నేనే చేస్తా అన్నాను, ఎందుకన్నానంటే, భక్తి కాదు, చెయ్యకపోతే వీధి వీధంతా అదే చెప్పుకుంటుంది, ప్రమీలారాణి ఇంకా మనసులో పెట్టుకుంది అని, ఇంకోటి కూడా ఉంది, ఆ మనిషి మంచంలో ఎట్లా పడి ఉన్నాడో చూడాలని ఉంది, అది పాపమో కాదో దేవుడికి తెలుసు, నాకైతే ఉంది.

నా కూతురు ఆరాధనకు ఫోనులో చెప్పకుండా ఉండాల్సింది, కడపలో నర్సింగు చదువుతోంది, ఏ మందు ఎంత వెయ్యాలో నేర్చుకుంటున్న పిల్ల నాకు లేని జబ్బు తెచ్చుకోవడం నేర్పింది, జొరమని చెప్పి పండుకో మా, ఎవురొచ్చి సూస్తారు అంది, నేను కుదరదనేసరికి గొంతు మారింది, ఆయన తల నువ్వు ముట్టుకున్యావంటే నాయన్ను మర్చిపోయినట్టే, నాకింగ ఫోన్ చేయబాక అంది, పెట్టేసింది, ఆ తర్వాత రెండుసార్లు చేశాను, ఎత్తలేదు, అదిగో మందిరం ముందు అప్పుడే నలుగురైదుగురు చేరారు, తెల్లచీరలు, గొడుగులు, ప్రేమజ్యోతి నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది, రాననుకుందేమో, పాట ఎత్తుకున్నారు, నా నోరు కూడా పాడుతోంది, ఈ పాట నాకు నిద్రలో కూడా వస్తుంది, అట్లా రావడంలో ఇబ్బంది ఏమిటంటే నోరు పాడుతుంటే మనసుకు పని ఉండదు, దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది.

ఎక్కడికి పోతుంది, అక్కడికే పోతుంది, లారీలో బండల్ని పడుకోబెట్టరు, నిలబెడతారు, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, చివరి వరస అయ్యాక అడ్డం చెక్క కొట్టి తాడు బిగిస్తారు, బిగించేదాకా లారీ కదలకూడదు, మా ఊళ్ళో నడక నేర్చిన బిడ్డకు కూడా ఈ సంగతి తెలుసు, ఎన్నో ఏళ్ళు లారీ తోలిన గిడ్డయ్యకు తెలియదా, వెనక ఇంకో లారీ వచ్చి హారన్ కొడుతోందని దానికి దారి ఇవ్వడానికి కొంచెం ముందుకు తీశాడట, కొంచెమేనట, బండలు సర్దుతున్న మనిషి పైన ఉన్నాడో దిగాడో అద్దంలో చూడలేదట, పైన ఉన్న మనిషి ఓబుళేశు, నా మొగుడు, నిలబెట్టిన బండలన్నీ ఆయన మీదికే ఒరిగాయట, అట అట అని చెప్పడమే గానీ నేను చూసింది లేదు, చూసినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు, తాగి ఉన్నాడని ఒకరు, లేదు సెల్లు మాట్లాడుతున్నాడని ఒకరు, ఆ రెండూ కాదు ఖర్మ అని ఒకరు, చెప్పాల్సిన మనిషి మాత్రం నోరు తెరవలేదు, పోలీసుల ముందు ఏదో చెప్పాడు, అది వాళ్ళ కోసం చెప్పింది, నా కోసం కాదు, ఓబుళేశు పెద్ద భక్తుడేమీ కాదు, ప్రార్థన సాగితే కునికేవాడు, బాప్తిస్మంలో పాత అయ్యగారు ఇమ్మానుయేలు అని పేరు పెడితే ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు, అదెవరని వెనక్కి తిరిగి చూసేవాడు, కానీ పనిలోకి దిగి మొదటి బండ ఎత్తేముందు దానిమీద అరచెయ్యి పెట్టి స్తోత్రం అనేవాడు, ఎవరికీ వినపడకుండా, తోటివాళ్ళు నవ్వుతారని, సమాధుల తోటలో మన్ను వేసే రోజున గిడ్డయ్య ప్రహరీ బయట నిలబడ్డాడు, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని, మా మరిది చూసి రాయి తీసుకున్నాడు, గిడ్డయ్య వెళ్ళిపోయాడు, అంతే, ఆ తర్వాత లారీ ముట్టలేదు, ఏదో బండల యార్డులో కాపలాకు కుదిరాడు, మందిరం మానేశాడు, ఎదురింట్లోనే ఉంటూ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మా గడప ముందుకు వచ్చి, వదినా ఇదీ జరిగింది అని చెప్పలేదు, నాకు కోపం చంపినందుకా, చెప్పనందుకా అని ఎవరైనా అడిగితే చెప్పలేను, ఇప్పుడు చెప్పాలన్నా ఆయనకు మాట లేదు, దేవుడు చేసే పనుల్లో ఒక్కోసారి హాస్యం ఎక్కువ.

నడక మొదలైంది, ముందు ప్రేమజ్యోతి, వెనక మేము, ఇది సాయిబుల ఇల్లు, ఇక్కడ ముసలామెకు మోకాళ్ళ నొప్పి, ఇది సైకిల్ షాపు ఇల్లు, వీళ్ళ పెద్దోడికి ఉద్యోగం రావాలి, ఇది టైలరు ఇల్లు, ఈయనకు కళ్ళు మసక, ఇది వాకిట్లో బర్రెలు కట్టేసే ఎనుముల ఇల్లు, కోడలికి నెలలు నిండుతున్నాయి, ఇవన్నీ నాకు ఇట్లా వరసగా రావడానికి కారణం మా అత్త, తెల్లవారుజామున వాకిలి ఊడ్చేటప్పుడు ఆమె వీధిలో ప్రతి ఇంటికీ ఒక మాట ప్రార్థన చేసేది, మందిరం మూల నుంచి కొళాయి దాకా, మా కులమా, మా సంఘమా అని చూసేది కాదు, ఇల్లయితే చాలు, ఒక ఇంటికి ఒకే మాట, చీపురు ఆడుతూనే ఉండాలి, నోరు ఆడుతూనే ఉండాలి, గొంతు తగ్గించే అలవాటు లేదు, దేవునికి చెవుడు లేదత్తా అని నేనంటే, నాకుండాది కదమ్మే, నేను చెప్పేది నాకినపడొద్దా అనేది, గిడ్డయ్య ఇంటికి వచ్చేసరికి, ఆ బిడ్డ తోలే బండి బద్రంగా ఇల్లు చేరనీ నాయనా అనేది, కొడుకు పోయిన పదకొండో రోజో పన్నెండో రోజో ఆమె మళ్ళీ చీపురు పట్టింది, నేను లోపల పడుకుని వింటున్నాను, సాయిబుల ఇల్లు అయింది, సైకిల్ షాపు అయింది, టైలరు, ఎనుములు, నేను పక్కమీద లేచి కూర్చున్నాను, గిడ్డయ్యకు నిద్రియ్యి నాయనా అంది, అదే గొంతు, అంతే గట్టిగా, చీపురు కూడా ఆగలేదు, నేను బయటికి వచ్చి ఆమె చేతిలోంచి చీపురు లాగేసి, నీ కొడుకును మట్టిలో పెట్టిన మనిషికి నిద్ర అడుగుతావా అన్నాను, ఆమె నన్ను కొట్టినా బాగుండేది, నా కొడుకు పాయ, ఆ ఇంట్లో గూడా ఒక మొగోడు పాయినట్టే ఉండాడు, నిద్ర లేదమ్మే ఆయప్పకు, దీపం ఆర్పడంలే అంది, ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు నేను, ఆమె మాత్రం చనిపోయేదాకా రోజూ ఆ మాట అడుగుతూనే ఉంది, ఆమె పోయాక చీపురు నాకు వచ్చింది, చీపురుతో పాటు వీధి కూడా వచ్చింది, మానేద్దామంటే నోరు ఊరుకోలేదు, రోజూ విన్నది కదా, నేను మార్చింది ఒక్కటే, ఎనుముల ఇంటి తర్వాత వేపచెట్టు ఇంటికి పోతాను, మధ్యలో ఇల్లు దాటేస్తాను, మొదట్లో ఆ చోట నాలుక తడబడేది, కొన్నాళ్ళకు అలవాటయింది, ఇప్పుడు మా వీధిలో అక్కడ ఒక ఇల్లు ఉన్నట్టే నా నోటికి తెలియదు.

ఇదిగో ఆ ఇల్లు, నాగలత గడపలో నిలబడి ఉంది, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పెట్టింది, రాండమ్మా రాండి అని అందరినీ అంటూ నా దగ్గరకు వచ్చేసరికి, రాక్కా అనబోయి తల మాత్రం ఊపింది, ఎంత చిక్కిపోయింది ఈమె, లోపల ఒకటే గది, తడిగుడ్డ పెట్టి తుడిచినట్టున్నారు, కింద మా ఊరి బండలే, చాప పరిచారు, ఫ్యాను తిరుగుతోంది, మందుల వాసన, దానిమీద అగరొత్తి వాసన, గోడకు సిలువ, దాని కింద పెండ్లి ఫొటో, కిటికీ పక్కనే నవారు మంచం, ఆ మంచంలో గిడ్డయ్య, నేను చూడాలనుకున్నది ఇదే, చూశాను, ఏమీ కాలేదు నాకు, సంతోషం కాలేదు, జాలి కూడా కాలేదు, ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు అనుకున్నాను, ఓబుళేశు వయసువాడే, ముసలాయన అయిపోయాడు, నోరు ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి కడుపుమీద ఎవరో మర్చిపోయి పోయిన వస్తువులాగా ఉంది, కళ్ళు మాత్రం మనిషివే, నన్నే చూస్తున్నాయి, నేను కిటికీ వైపు చూశాను, కిటికీలోంచి మా వాకిలి కనిపిస్తోంది, మా తాళం, మా చీపురు, తలుపు పక్కన నేను వదిలేసి వచ్చిన పాత చెప్పులు, అన్నీ తెలుస్తున్నాయి, ఇంత దగ్గరా అనుకున్నాను, మా వైపు నుంచి చూస్తే ఇంత దగ్గర అనిపించదు, అటు నుంచి నాకు ఎప్పుడూ కిటికీ ఊచలు, లోపల చీకటే కనిపించేవి, పాట అయింది, ప్రేమజ్యోతి వాక్యం చదివింది, నాలుగు మాటలు చెప్పింది, బాగా చెప్తుంది ఈ పిల్ల, ఆమె చెప్తున్నంతసేపూ నేను సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను, ఇక ప్రమీలక్క ప్రార్థన చేస్తుంది అని కళ్ళు మూసుకుంది, అందరూ మూసుకున్నారు, కొంగులు సర్దుకున్న చప్పుడు, తర్వాత ఫ్యాను చప్పుడు.

నూనె వేలితో తీసి నుదుటిమీద రాశాను, చెయ్యి తలమీద పెట్టాను, వెంట్రుకలు పలచగా, వేడిగా, ఈ తలే ఆ రోజు స్టీరింగు వెనక ఉంది, ఈ కళ్ళే అద్దంలో చూడలేదు, ఇట్లా వస్తే కష్టం, మొదలుపెట్టాలి, తండ్రీ పరిశుద్ధుడా నీకు స్తోత్రం, ఇంతవరకు బాగానే వచ్చింది, నీ ప్రేమ గొప్పది, నీ కృప గొప్పది, స్తోత్రం, స్తోత్రం, ఇక ఈ జబ్బుమనిషి గురించి అడగాలి, ఎన్ని ఇళ్ళలో అడగలేదు, ఎంతమంది తలలమీద పెట్టలేదు ఈ చెయ్యి, ముట్టుము తండ్రీ, బాగుచెయ్యి తండ్రీ, నాకు కంఠతా వచ్చిన మాటలు, ఒక్కటీ రావడం లేదు, చెయ్యి కింద ఆ తల కొంచెం వణుకుతోంది, అందరూ ఎదురుచూస్తున్నారు, ఎవరో ప్రభువా అని నాకు మాట అందించారు, నోరు మూతపడితే పరువు పోతుంది, నోటికి అప్పుడు తెలిసిన దారి ఒకటే, దాంట్లో పడింది, సాయిబుల ఇంట్లో ముసలమ్మ మోకాళ్ళకు ఓర్పు ఇయ్యి తండ్రీ, ఆమేన్ అన్నారు, సైకిల్ షాపు ఇంట్లో పిల్లోడికి పని చూపించు, ఆమేన్, టైలరు కళ్ళకు వెలుగియ్యి, ఆమేన్, హమ్మయ్య, గొంతు నాది నాకు దొరికింది, ఎనుముల ఇంట్లో కోడలిని, ఆ కడుపులో బిడ్డను కాపాడు, ఆమేన్, వేపచెట్టు ఇంట్లో అన్నదమ్ముల మధ్య సమాధానం ఇయ్యి, ఈసారి ఆమేన్ రాలేదు, ఒకరో ఇద్దరో అన్నారు, మిగతావాళ్ళు అనలేదు, ఎందుకు అనలేదో నాకు తెలియలేదు, కొళాయి ఇంటిని కూడా చెప్పి, నీ నామంలో అడుగుతున్నాం తండ్రీ అని ముగించి, కళ్ళు తెరిచాను, నా చెయ్యి ఇంకా ఆయన తలమీదే ఉంది, అప్పుడు తెలిసింది, ఆయన ఇంట్లో కూర్చుని, ఆయన తలమీద చెయ్యి పెట్టి, ఆయన ఇల్లు దాటేశాను.

ప్రేమజ్యోతి చాప అంచు చూస్తోంది, పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు సరిచేసుకుంటున్నారు, చేసిన తప్పు పెద్దదైతే జనం బట్టలు సర్దుకుంటారు, గిడ్డయ్య నోరు కదిలింది, ఎడమ పక్క మాత్రమే కదిలింది, ఏదో శబ్దం వచ్చింది, ముద్దగా, ఎవరికీ అర్థం కాలేదు, నాగలత దగ్గరకు వంగింది, మళ్ళీ అన్నాడు, ఆమె తలెత్తి నా వైపు చూడకుండా గోడవైపు చూస్తూ చెప్పింది, ఈపొద్దు గూడా దాటిపోతివి వదినా అంటాండాడక్కా. ఈ పొద్దు కూడా అంటే ఏమిటి అని అడిగాను, అడగకపోయినా బాగుండేది, నాగలత గొంతులో నిష్ఠూరం లేదు, ఉంటే నాకు తేలికయ్యేది, పొద్దున నువ్వు కసువు ఊడ్చేటప్పుడు మేలుకొని కూచుంటాడక్కా, పక్షవాతం ఇప్పుడొచ్చె, అంతకు ముందునుంచీ అంతే, మద్దమ్మవ్వ ఉన్నన్నాళ్ళూ మా ఇంటి మాట వచ్చినాక పండుకుంటాండె, ఒక గంట నిద్ర పోతాండె, నువ్వు చీపురు పట్టుకున్యాక కూడా కూచుంటాడు, ఎనుముల ఇల్లు అంటావు, ఊపిరి బిగబడతాడు, యాపచెట్టు ఇల్లు అంటావు, గోడ దిక్కు తిరుగుతాడు, కిటికీ మూసేద్దామంటే వద్దంటాడు, ఏనాటికన్నా అంటాదేమోలే అంటాడు. ఆ చివరి మాట చెప్పి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు ముందు వచ్చింది కోపమే, ఎవరినడిగి విన్నాడు ఈయన, నేను నా వాకిట్లో నా దేవుడితో మాట్లాడుకుంటుంటే కిటికీ వెనక కూర్చుని వినడానికి ఈయనెవరు, అంత వినాలని ఉన్నవాడు నాలుగడుగులు నడిచి వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయాడా, చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని, రాయి తీసుకునేదాన్ని, అవును తీసుకునేదాన్నే, తలుపు మొహాన వేసేదాన్ని, ఆయనకది తెలుసు, అందుకే రాలేదేమో, లేక పిరికితనమేమో, రెండూ కావచ్చు, కానీ ఒకటి మాత్రం కాదనలేను, ఆయన ఊరకే ఉన్నాడనుకున్నాను నేను, తప్పించుకుని హాయిగా ఉన్నాడనుకున్నాను, రోజూ తెల్లవారకముందే లేచి, సాయిబుల ఇల్లు సైకిల్ షాపు అని నేను దగ్గరకు వస్తుంటే వింటూ, ఈ పొద్దన్నా అని కాచుకుని, నేను దాటిపోతే గోడవైపు తిరిగి, ఇట్లా ఏళ్ళు, కోర్టు వెయ్యని శిక్ష నేను వేశాను, ఒక్కపూట కూడా తప్పకుండా, జొరంలో కూడా మానకుండా, పైగా దానికి ప్రార్థన అని పేరు పెట్టుకుని, పరలోక ప్రార్థనలో క్షమించే మాట దగ్గర నా గొంతు అందరికంటే పైన వినపడుతుందని అయ్యగారు కూడా మెచ్చుకునేవారు, సిగ్గేసింది, ఏడుపు రాలేదు, ఉత్త సిగ్గు.

ప్రేమజ్యోతి నేను చేస్తానన్నట్టు ముందుకు జరిగింది, పాపం మంచిపిల్ల, నేను చెయ్యి అడ్డం పెట్టాను, కళ్ళు మూసుకోలేదు ఈసారి, అందరూ మూసుకున్నారో లేదో కూడా చూడలేదు, గిడ్డయ్యనే చూస్తూ, ఎనుముల ఇల్లు అన్నాను, నిజంగానే ఆయన ఊపిరి ఆగింది, నా చెయ్యికి తెలిసింది, ఇప్పుడు ఏమనాలి, నిద్ర అని అడగడానికి నోరు రాలేదు, అది మా అత్త పెద్దమనసు, నాకు అంత లేదు, కాళ్ళూ చేతులూ అడగనా అంటే మనసు ఒప్పలేదు, ఒప్పని మాట దేవుడికి చెప్తే ఆయనకు తెలియదా, నాకు నిజంగా కావలసింది ఏదో అది మాత్రమే అడగగలను, గిడ్డయ్య ఇల్లు ప్రభువా, గిడ్డయ్యకు మాట తిరిగి ఇయ్యి, ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పాల్సింది ఉంది, నేను కూర్చుని వింటాను, అన్నాను, అంతే, అందంగా లేదు, అరకొరగా ఉంది, నాగలత మాత్రం గట్టిగా ఆమేన్ అంది, తర్వాత అందరూ అన్నారు, గిడ్డయ్య కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఎత్తబోయాడు, అందలేదు, నా కొంగుతో తుడవబోయి ఆగాను, నాగలతే తుడిచింది, అంతవరకు నా వల్ల కాలేదు, లోపల ఏమైనా కరిగిందా అని చూసుకున్నాను, కరగలేదు, ఓబుళేశు అట్లాగే ఉన్నాడు, బండలు అట్లాగే ఉన్నాయి, ఆరాధనకు ఏం చెప్పాలో తెలియదు, ఫోను ఎత్తితే కదా చెప్పడానికి, ఎత్తేదాకా చెయ్యాలి, కూటం అయిపోయి చెంబులో మజ్జిగ ఇస్తోంది నాగలత, తీసుకుని తాగుతున్నాను, ఉప్పు సరిపోయింది, ఇన్నేళ్ళూ నేను దేనికి భయపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది, క్షమించడమంటే ఒకనాడు మనసు మెత్తబడి అంతా అయిపోవడం అనుకున్నాను, మెత్తబడితే మొగుణ్ణి పోగొట్టుకున్నట్టే అనుకుని దాన్ని దగ్గరకు రానివ్వలేదు, అది అయిపోయేది కాదు, మనసు మెత్తబడేదాకా ఆగేది కూడా కాదు, ఈ పూట చెప్పినంత మాత్రాన రేపటికి సరిపోదు, రేపు పొద్దున ఇష్టం ఉన్నా లేకపోయినా మళ్ళీ చెప్పాలి, ఎల్లుండి కూడా చెప్పాలి, రోజూ చెప్పాలి, ఎందుకంటే నేను వాకిట్లోకి వచ్చేసరికి ఎదురింట్లో ఒక మనిషి మేలుకుని కాచుకుని ఉంటాడు.